నూట నలభై ఒక్క కంచాలు

పదమూడో డబ్బా బియ్యం గుండిగలోకి ఒంపుతుండగా మేనేజరు వంటగది గుమ్మంలోకి వచ్చి, "ఆగమ్మా, ఆగు. ఇవాళ్టి లెక్క వేరు" అన్నాడు.

ఆమె ఆగలేదు. ఉండమన్నట్టు ఎడమచెయ్యి ఎత్తి, పద్నాలుగో డబ్బా నింపి, అంచు మీద అరచేత్తో ఒక్క రాపు రాసి చదును చేసి పోసింది. ఆ పైన ఇంకొక గ్లాసుడు. అప్పుడు నడుముకు కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది.

కొలిచేటప్పుడు పలకరిస్తే ఆమె ఎంతటివాడికీ జవాబివ్వదు. ఆ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లుగా అందరికీ తెలిసిన సంగతే. అందుకే కొలతమ్మ అని పేరు పడింది. డబ్బాకు పదిమంది, గ్లాసుకు ఒకరు. పద్నాలుగు డబ్బాలూ ఒక గ్లాసూ అంటే నూట నలభై ఒక్కమంది. ఆఫీసు గదుల్లో కూర్చునేవాళ్లు, గేటు కాపలావాడు, అంట్లు తోమే మనిషి, తను, అందరూ అందులోనే. వండింది ఏనాడూ చాలకపోలేదు, మిగిలి కుక్కల పాలూ కాలేదు.

"ఇప్పుడు చెప్పండి సార్."

"మూడొందల పన్నెండు మందికి వండాలి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. జుట్టుకు రంగేసుకుని, చొక్కా నలగకుండా నడిచే మనిషి. చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన మాటను కిందికి దించడమే అతని ఉద్యోగం.

"కొత్తగా ఎవర్నన్నా తీసుకున్నారా?"

"తీసుకున్నాం. ఇవాళ్టికి." అతను గొంతు తగ్గించాడు. "లెక్కల డిపార్టుమెంటు నుంచి ఆఫీసరమ్మ వస్తోంది. ఎంతమంది పనిచేస్తున్నారో చూసి రాసుకుపోతుంది. మన రిజిస్టర్లో ఉన్నంతమందీ కళ్లకు కనపడాలి. క్యాంటీన్ నిండుగా ఉండాలి. ఒక్కపూట, అంతే."

"రిజిస్టర్లో మూడొందల పన్నెండు మంది ఉన్నారా?"

"ఉన్నారు."

"మరి ఇన్నాళ్లూ వాళ్లంతా ఎక్కడ తింటున్నారు సార్?"

నవ్వాలో కసరాలో తేల్చుకోలేక మేనేజరు గడియారం చూసుకున్నాడు. "నీకెందుకమ్మా ఇవన్నీ! కొత్త ఉద్యోగాలిచ్చే కంపెనీలకి సర్కారు రాయితీలిస్తోంది. అవి ఆగితే ఈ ఉన్న నూట నలభై మందీ ఉండరు. బియ్యం పొయ్యి" అని వెళ్లిపోయాడు.

మూలన కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న సహాయకురాలు అంతా విన్నది. ఆమె చెవిలో పడిన ఏ మాటా అరగంటకు మించి నిలవ ఉండదు. అందుకే ఆమెను రేడియో అంటారు. దానికి తోడు ఒళ్లో ఫోను పెట్టుకుని పొద్దస్తమానం వార్తలు వింటుంది.

"అక్కా, ఇది విన్నావా? దేశంలో పనిలేనివాళ్లు బాగా తగ్గిపోయారట. పదేళ్లలో ఇంత తక్కువ ఎప్పుడూ లేదట. ఇందాకే వార్తల్లో చెప్పాడు."

"మంచి కబురే. మన వీధికి ఇంకా చేరినట్టు లేదు" అంది కొలతమ్మ. "ఆ గుండిగలు దింపుదాం, పట్టు."

గోడవారగా చెక్క అరమీద మూడు గుండిగలు బోర్లించి ఉన్నాయి. ఆమె చేరిన కొత్తలో నాలుగూ పొయ్యి మీదే ఉండేవి. రెండు షిఫ్టులు, నాలుగొందల ఇరవై కంచాలు. పెయింటింగ్ సెక్షన్‌ను బయటి కాంట్రాక్టుకిచ్చిన ఏడు ఒక గుండిగ అటకెక్కింది. ప్యాకింగ్‌కి మిషన్ వచ్చాక రెండోది. నిరుడు రాగితీగ చుట్టే వైండింగ్ సెక్షన్లో అరవై మందిని ఒక్క శుక్రవారం సాయంత్రం ఇంటికి పంపారు. సోమవారం మూడోది బోర్లించింది. పేపర్లో ఏం రాసినా, టీవీలో ఎవరు ఏం చెప్పినా ఆమె పట్టించుకునేది కాదు. ఎంతమందికి పని ఉందో ఆమెకు పొద్దున ఆరుగంటలకే తెలిసేది.

గుండిగల్లో సాలెగూళ్లు, ఒకదాంట్లో ఎండిపోయిన బల్లి. ఇద్దరూ కలిసి బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగారు. నాలుగు పొయ్యిలూ ఒకేసారి అంటుకుని, నాలుగు ఎసర్లూ ఒకేసారి కూతపెట్టేసరికి, ఇదంతా ఉత్త వేషమని తెలిసి కూడా ఆమె ఒంట్లోకి ఒక హుషారు వచ్చింది. భుజాలు ఆ పాత ఊపు అందుకున్నాయి. తెడ్డు తిప్పుతూ ఏదో కూనిరాగం కూడా తీసింది. రేడియో నోరు తెరుచుకుని చూసింది.

ఆమె ఈ వంటగదిలోకి వచ్చింది మొగుడు పోయాక. అతను పెయింటింగ్ సెక్షన్లో ఫ్యాన్ రెక్కలకు రంగు కొట్టేవాడు. ఇంటికొచ్చి దగ్గితే రుమాలు మీద ఆ రోజు రంగు పడేది, ఒకరోజు తెలుపు, ఒకరోజు గోధుమ. ముప్ఫై అయిదేళ్లకే పోయాడు. కంపెనీ వాళ్లు జాలిపడి అతని బదులు ఆమెకు ఉద్యోగమిస్తామన్నారు. ఏం వచ్చని అడిగితే వంట వచ్చంది. నలుగురికి వండే చెయ్యి నాలుగొందల మందికి వండడం నేర్చుకోవడానికి నెల పట్టింది. ఆ నెలలో ఒకరోజు అన్నం చిమిడింది, ఒకరోజు పప్పు మాడింది. ఆ తర్వాత మళ్లీ ఎవరూ వేలెత్తి చూపలేదు. రంగు పీల్చేవాళ్లకు నోరు చేదుగా ఉంటుందని ఆమెకు ఇంట్లోనే తెలుసు కాబట్టి, ఆ సెక్షన్ ఉన్నంతకాలం వాళ్ల బల్లకు పులుపు ఒక పాలు ఎక్కువ వేసి విడిగా పంపేది. ఎందుకని వాళ్లూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఎనిమిదిన్నరకు రెండు లారీలు వచ్చి ఆగాయి. కిటికీలోంచి చూసింది. ఆడా మగా, కుర్రా ముసలీ, కూలీల కూడలిలో పొద్దున్నే నిలబడే జనమంతా దిగుతున్నారు. వాళ్లను తెచ్చిన కాంట్రాక్టరు స్టోర్స్ గదిలోంచి నీలం చొక్కాలు తెప్పించి పంచుతున్నాడు. "ఎవరన్నా అడిగితే ఆర్నెల్లుగా చేస్తున్నామని చెప్పండి. మిషన్ల దగ్గర నిలబడండి చాలు, ఏదీ ముట్టుకోవద్దు" అని అరుస్తున్నాడు. పొట్టివాళ్లకు పొడుగు చొక్కాలు, లావుపాటివాళ్లకు గుండీలు పట్టని చొక్కాలు. అవన్నీ ఇంటికి పంపేసిన వాళ్ల దగ్గర వెనక్కి తీసుకున్నవే.

రెండో లారీ నుంచి ఆఖరున ఆమె అల్లుడు దిగాడు.

ఆమె చేతిలో కూర గరిటె అలాగే ఉండిపోయింది. తెల్లవారుజామున ఇంట్లో అతను గడ్డం గీసుకుంటుంటే, "ఆయనకి ఇవాళ పని దొరికిందమ్మా" అని కూతురు మెరిసే ముఖంతో చెప్పింది. ఎక్కడని అడిగితే, అద్దంలోంచి చూపు తప్పించి, "ఏదోలెండి అత్తయ్యా, చిన్న పని" అన్నాడతను. పదిహేనేళ్లు ఇదే వైండింగ్ సెక్షన్లో తీగ చుట్టినవాడు. పద్దెనిమిదేళ్ల వయసులో చేరినప్పుడు అందరిలాగే ఆమెను అక్కా అనేవాడు. కూతురినిచ్చి చేశాక అత్తయ్యా అనడానికి అతనికి నెల పట్టింది. ఆమె మాత్రం మీరు అనబోయి, నాలుక తిరక్క, ఇప్పటికీ అబ్బాయ్ అనే పిలుస్తుంది.

అతను ఎవరిదో చొక్కా తొడుక్కుని, ఎవరూ దారి చూపించకుండానే వైండింగ్ సెక్షన్ వైపు నడిచాడు. తన పాత మిషన్ దగ్గరకే.

"మీ అల్లుడు కదక్కా?" అంది రేడియో మెల్లగా.

"నువ్వు ఉల్లిపాయలు చూడు."

పన్నెండున్నరకు గంట కొట్టారు. హాలు నిండింది. చాలాకాలంగా ఖాళీగా ఉన్న చివరి బల్లలు కూడా నిండాయి. ముప్ఫై ఒక్క డబ్బాలు, రెండు గ్లాసులు. కొలతలో తేడా లేదు. వడ్డన మొదలుపెట్టింది. పాతవాళ్లు ఎప్పటిలాగే తిన్నారు. కొత్తవాళ్లు తినే తీరు వేరు. మాట లేదు, తలెత్తడం లేదు. మొదటి వడ్డన కంచంలో పడ్డది పడ్డట్టు మాయమైంది. రెండోసారి వచ్చారు. మూడోసారీ వచ్చారు. ఒక నడివయసు మనిషి నాలుగోసారి కంచం చాపి, సిగ్గుపడి, వెనక్కి తీసుకోబోయాడు. ఆమె అతని కంచం అంచు పట్టుకుని ఆపి వడ్డించింది.

ఇంకా ముప్ఫై మంది వరసలో ఉండగా గరిటె అడుగును గీకింది.

నాలుగు గుండిగల్లోనూ చూసింది. నాలుగూ ఖాళీ. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి ఆమె వండిన అన్నం చాలలేదు. ముఖం మీద ఎవరో చరిచినట్టయింది. "ఎసరు పెట్టు, తొందరగా" అని రేడియోను అదిలించి తనే బియ్యం కడగడానికి పరిగెత్తింది. వరసలో నిలబడ్డవాళ్లు ఖాళీ కంచాలతో అలాగే నిలబడ్డారు. వాళ్లలో ఆఖరివాడు అల్లుడు.

ఈ ఆలస్యం చూసే ఆఫీసరమ్మ వంటగదిలోకి వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. కళ్లద్దాలు, చేతిలో అట్టకు బిగించిన ఫారాలు, దుమ్ము కొట్టుకున్న చెప్పులు. వెనకే మేనేజరు.

"ఏమైందమ్మా, అన్నం అయిపోయిందా?" అని అడిగింది.

కొలతమ్మ నోరు తెరిచేలోపే మేనేజరు అందుకున్నాడు. "పెద్దదైపోయింది మేడమ్. ఈమధ్య లెక్క తప్పుతోంది. మేమే జాలిపడి ఉంచుకుంటున్నాం."

పొయ్యి దగ్గర్నుంచి ఆమె నెమ్మదిగా లేచింది.

"నాకు లెక్క తప్పలేదు" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "మూడొందల పన్నెండు మందికి ఎంత కావాలో అంతే పోశాను. రోజూ తినేవాళ్లయితే సరిపోయేది. ఇవాళ వచ్చినవాళ్లు నిన్న తినలేదు, మొన్న తిన్నారో లేదో. ఆకలి మీదున్న మనిషి ఇద్దరి తిండి తింటాడు. అది నా కొలతలో లేదు. ఎందుకంటే వీళ్లు నా మనుషులు కాదు."

"ఏం మాట్లాడుతున్నావమ్మా!" అన్నాడు మేనేజరు.

"అంటే?" అంది ఆఫీసరమ్మ.

"నిన్న నూట నలభై ఒక్కమందికి వండానమ్మా. మొన్నా అంతే. నిరుడు శీతాకాలం నుంచీ అంతే. అదిగో, బియ్యం బస్తాల చీటీలు మేకుకు గుచ్చి ఉన్నాయి, చూసుకోండి."

మేకుకు చీటీలు ఒత్తుగా ఉన్నాయి. ఆఫీసరమ్మ వాటి వైపు చూసింది కానీ వెంటనే తియ్యలేదు. వరసలో నిలబడ్డవాళ్లు వింటున్నారు. అల్లుడు కంచం కేసి చూస్తున్నాడు.

"చూడమ్మా," అంది ఆఫీసరమ్మ చివరికి. ఆమె గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. "దేశంలో అందరినీ లెక్కపెట్టలేం కదా. కొన్ని ఫ్యాక్టరీలు చూస్తాం, కొన్ని ఇళ్లకి వెళ్తాం. దాన్నిబట్టి మొత్తం ఎంతో అంచనా కడతారు. నా ఫారంలో రిజిస్టరు గడి ఉంది, కళ్లకు కనిపించినవాళ్ల గడి ఉంది. వంటింటికి గడి లేదు."

"ఆ పద్ధతి నాకూ తెలుసమ్మా. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కుండంతా పిసకం. కాకపోతే ఆ మెతుకు ఆ కుండలోది అవ్వాలి కదా! పక్కింటి కుండలోంచి ఉడికిన మెతుకు తెచ్చి మీ చేతిలో పెడితే మీరేం చేస్తారు? ఉడికిందని రాసుకుపోతారు. ఇక్కడ బియ్యం బియ్యంలాగే ఉంటుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరమ్మకూ పెదవి కదిలింది. మేకు నుంచి చీటీల కట్ట తీసి, బల్ల మీద కూర్చుని, ఒక్కొక్కటీ తిరగేసింది. ఫారం వెనక ఖాళీ కాగితం మీద ఏదో చాలాసేపు రాసింది. లేచేటప్పుడు, "ఇది పైవాళ్లు చదువుతారని మాట ఇవ్వలేను" అంది.

"మీరు రాశారు కదా. నా పని వండడం, మీ పని రాయడం. తినిపించడం ఇద్దరి చేతుల్లోనూ లేదు" అంది కొలతమ్మ. "కూర్చోండి, రెండో వాయి దిగుతోంది. మీరూ రెండు ముద్దలు తిని వెళ్లండి."

ఆఫీసరమ్మ వరసలో అల్లుడి వెనక నిలబడి, కంచం పట్టుకుని వడ్డించుకుంది. ఈసారి అన్నం అందరికీ సరిపోయింది.

మూడున్నరకు మేనేజరు ఒక్కడే వచ్చాడు. గుమ్మం దాటలేదు. పొద్దుటికీ ఇప్పటికీ మనిషి నలిగినట్టున్నాడు.

"ఎందుకు చేశావమ్మా ఈ పని? ఫ్యాక్టరీ మూతపడితే ఆ పాపం ఎవరికి?"

"నాలుగొందల మంది ఉన్నప్పుడు, ఈ పెయింటింగ్ వాళ్లొక్కళ్లూ పోతే మిగతావాళ్లు చల్లగా ఉంటారన్నారు సార్. తర్వాత ప్యాకింగ్ వాళ్లన్నారు. తర్వాత వైండింగ్ వాళ్లన్నారు. ఎప్పుడు ఏం దాచినా మనుషులు తగ్గుతూనే ఉన్నారు. నేను నోరు మూసుకున్న ఇరవై ఏడేళ్లలోనే ఇదంతా జరిగింది."

"రేపటి నుంచి రావక్కర్లేదన్నారు" అన్నాడతను గోడను చూస్తూ.

"సరే సార్" అంది ఆమె. "మీ నోటితో చెప్పాల్సొచ్చింది, అదొక్కటే బాధ. వెళ్లండి, ఎండలో నిలబడొద్దు."

రేడియో బావురుమంది. "ఊరుకోవే, పొద్దున ఉల్లిపాయల దగ్గర ఏడ్చింది చాలదా" అని ఆమె కసిరింది. ఇద్దరూ కలిసి నాలుగు గుండిగలూ తోమారు. మూడింటిని అరమీద బోర్లించారు. తాళాలు, దినుసుల అర, గ్యాసు మీట, ఏ రోజు ఎవరికి ఒంట్లో బాగుండక గంజి అడుగుతారో, అన్నీ రేడియోకు ఒకటికి రెండుసార్లు అప్పజెప్పింది. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి తల ఊపుతూ విన్నది.

లారీలు వెళ్లిపోయాయి. నీలం చొక్కాలు మళ్లీ స్టోర్స్‌కి చేరాయి. అల్లుడు మాత్రం లారీ ఎక్కకుండా వంటగది మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"కూలి ఇచ్చారా?"

"ఇచ్చారు. బయట ఎక్కడా అనొద్దని చెప్పి ఇచ్చారు." అతను చేతులు చూసుకున్నాడు. వేళ్ల మీద రాగి తీగ కోసిన సన్నటి కొత్త గీతలున్నాయి. "ముట్టుకోవద్దన్నారు అత్తయ్యా. చేతులు ఊరుకోలేదు. నాలుగు కాయిళ్లు చుట్టాను. ఏడాదైనా ఒక్క చుట్టూ తప్పలేదు."

"ఎందుకు తప్పుతుంది?"

"నన్ను చూసే చెప్పారా ఆవిడతో?"

ఆమె ఆలోచించి నిజమే చెప్పింది. "లేదబ్బాయ్. నిన్ను చూస్తే నోరు పెగల్లేదు. నీ ఒక్కరోజు పని చెడగొడతానేమోనని మింగేసి ఊరుకున్నాను. వాడు నా లెక్క తప్పిందన్నాడు చూడు, అప్పుడు పెగిలింది."

అల్లుడు మొదట తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. అలా పళ్లు కనిపించేలా నవ్వి ఏడాదిపైనే అయింది. ఆమె కూడా నవ్వింది.

"ఇప్పుడేం చేద్దాం అత్తయ్యా?"

"ఏం చెయ్యడమేంటి, నాకు వంట రాదా? నీకు తీగ చుట్టడం రాదా? ఊళ్లో కాలిపోయిన ఫ్యాన్లు లేవా, ఆకలేసే మనుషులు లేరా? రేపు పొద్దున నిద్రలేచి చూద్దాం. పద. నువ్వు నడుస్తూ ఉండు, శనగలు నానబోసి వస్తా. రేపటి కూరకి."

"రేపు మీరు రారుగా?"

"నేను రానయ్యా. వాళ్లొస్తారుగా!"

అతను గేటు వైపు నడిచాడు. ఆమె లోపలికి వెళ్లి, పెద్ద బేసినులో శనగలు పోసి, రెండుసార్లు కడిగి, నిండా నీళ్లు పట్టింది. నీళ్ల మీద తేలిన పుచ్చు గింజలు వేళ్లతో ఏరి పారేసింది. మూత పెట్టింది. కిటికీ మూసి, లైటు ఆర్పి, నడుముకున్న గుడ్డ విప్పి మడిచి చేతిలో పట్టుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర కాపలావాడు ఎప్పటిలాగే, "రేపు కూరేంటక్కా?" అని అడిగాడు. "శనగలు" అని చెప్పి వెళ్లిపోయింది.

వంటగదిలో బల్ల మీద బేసిను చీకట్లో అలాగే ఉంది. మూత కింద నీళ్లను మెల్లగా పీల్చుకుంటూ, చిన్న చిన్న బుడగలు వదులుతూ, గింజలు ఉబ్బుతున్నాయి.